చిన్న ఊరికి ఎంబీఆర్ అవసరమా? 1500 మంది మురుగునీటికి ఏ పద్ధతి నిలబడుతుంది?

కొత్తఇంజినీర్:
అందరికీ నమస్కారం. ఒక చిన్న గ్రామానికి మురుగునీటి శుద్ధి కేంద్రం డిజైన్ చేసే బాధ్యత నా మీద పడింది. జనాభా సుమారు 1500. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున లెక్కేస్తే 150 ఘనపు మీటర్ల మురుగునీరు వస్తుంది. శుద్ధి చేసిన నీటిని పక్కనున్న చెరువులోకి వదలాలి. బయటికి వెళ్లే నీటిలో మొత్తం నైట్రోజన్ లీటరుకు 10 మి.గ్రా., ఫాస్ఫరస్ 1 మి.గ్రా. దాటకూడదని షరతు పెట్టారు. మామూలు ఏరేషన్ ట్యాంకుతో (గాలి ఊది బ్యాక్టీరియాతో మురుగును శుద్ధి చేసే తొట్టి) ఇవి సాధ్యం కాదు, ఎంబీఆర్ (మెంబ్రేన్ బయోరియాక్టర్, అంటే శుద్ధి ట్యాంకు నీటిని మెంబ్రేన్ అనే అతి సన్నని రంధ్రాల వడపోత పొర గుండా తీసే పద్ధతి) ప్యాకేజీ ప్లాంటు పెట్టండి, కంటైనర్‌లో వస్తుంది, బటన్ నొక్కితే చాలు అని ఒక సప్లయర్ చెబుతున్నాడు. నీటి నాణ్యత వరకు అతను చెప్పేది నిజమే అనిపిస్తోంది. కానీ ఊళ్లో దాన్ని చూసుకునే మనిషి ఎవరని అడిగితే సూటిగా జవాబు చెప్పడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు సలహా ఇవ్వగలరా?

బ్లోయర్‌చప్పుడు:
బటన్ నొక్కితే చాలన్నవాళ్లను ఆ బటన్ ఎవరు నొక్కాలో కూడా అడగండి సర్.

నేను ఆపరేటర్‌ని. చిన్న ప్లాంట్లలోనే చాలాకాలం పనిచేశాను. పద్ధతి చెడ్డదై ప్లాంట్లు ఆగిపోవడం తక్కువ. బ్లోయర్ (ట్యాంకులోకి గాలి ఊదే యంత్రం) బెల్టు తెగుతుంది, కొత్త బెల్టు ఎవరు కొనాలో తేలదు. ఇంతలో ట్యాంకులో బురద, అంటే మురుగును తినే బ్యాక్టీరియా, నల్లబడి కుళ్లిపోతుంది. మళ్లీ అంతా మొదటికి. ఎంబీఆర్ అయితే దీనికి తోడు మెంబ్రేన్ కడగాలి, దానికి హైపోక్లోరైట్, సిట్రిక్ యాసిడ్ స్టాక్ ఉంచుకోవాలి, ముందు పెట్టే సన్నటి జల్లెడ రోజూ చూసుకోవాలి. వెంట్రుకలు, తడి టిష్యూలు లోపలికి వెళ్లి మెంబ్రేన్ పోగులకు చుట్టుకుంటే విడదీయడం నరకం.

మెంబ్రేన్‌మనిషి:
బ్లోయర్‌చప్పుడు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ బెల్టు మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ (గాలి ఊది బురదతో శుద్ధి చేసే) ప్లాంటులోనూ తెగుతుంది కదా. ఆ తప్పును మెంబ్రేన్ ఖాతాలో వేయకండి.

ఎంబీఆర్ పక్షాన కొంచెం చెప్పనివ్వండి. మెంబ్రేన్ రంధ్రాలు దాదాపు 0.04 నుంచి 0.4 మైక్రాన్లు. బ్యాక్టీరియా అంతకంటే పెద్దది కాబట్టి దాదాపు అంతా ఇవతలే ఆగిపోతుంది. బురద అడుగుకు దిగి నీరు తేరుకునే ట్యాంకు అక్కర్లేదు. ట్యాంకులో బురద సాంద్రత లీటరుకు 8,000 నుంచి 12,000 మి.గ్రా. దాకా నడపొచ్చు, మామూలు పద్ధతిలో 3,000–4,000 దగ్గరే ఆగాలి. అందుకే స్థలం తక్కువ పడుతుంది. బురద సరిగా తేరుకోకపోయినా బయటికి వచ్చే నీరు మాత్రం తేటగానే ఉంటుంది. ఆపరేటర్‌కి ఇది పెద్ద ఊరట. ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. 1960ల నుంచే ఉంది. మెంబ్రేన్‌ని నేరుగా ట్యాంకులోనే ముంచే పద్ధతిని 1989లో జపాన్‌లో యమామోటో బృందం చూపించాక కరెంటు ఖర్చు బాగా తగ్గి, అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ల్యాబ్‌బల్ల:
ఎంబీఆర్, నాన్‌ఎంబీఆర్ గొడవలోకి దిగే ముందు లెక్క చూద్దాం.

మనిషికి రోజుకు బీఓడీ (మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్, అంటే మురికి ఎంతో చెప్పే కొలత) 45 గ్రాములు అనుకోండి (యూరప్ 1991 నిబంధనల్లో 60 గ్రాములు తీసుకుంటారు, తిండిని బట్టి మారుతుంది). నైట్రోజన్ 10 గ్రాములు, ఫాస్ఫరస్ ఒకటిన్నర గ్రాము. వీటిని 100 లీటర్ల నీటిలో కలిపితే లీటరుకు బీఓడీ 450, నైట్రోజన్ 100, ఫాస్ఫరస్ 15 మి.గ్రా. చొప్పున వస్తాయి. నీటి వాడకం తక్కువగా ఉన్నచోట మురుగు చిక్కగా ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఉండే 40 మి.గ్రా. నైట్రోజన్ అంకెతో డిజైన్ చేస్తే ఇక్కడ దెబ్బతింటారు.

మెంబ్రేన్ నైట్రోజన్‌ని పట్టుకోదు. కరిగిన అమ్మోనియా, నైట్రేట్ రెండూ దాని గుండా హాయిగా వెళ్లిపోతాయి. కరిగిన ఫాస్ఫేట్ కూడా అంతే. ఆ పని చేసేది ట్యాంకులోని బ్యాక్టీరియా, మీరు కలిపే ఐరన్ ఉప్పు లేదా ఆలమ్ (పటిక). కాబట్టి షరతులో ఉన్న రెండు అంకెలకూ ఎంబీఆర్ సొంతంగా ఇచ్చే జవాబు ఏమీ లేదు. ఆ సంగతి సప్లయర్ ఎందుకు చెప్పలేదో!

ఇంతకీ కొత్తఇంజినీర్ గారూ, ఇళ్లలో సెప్టిక్ ట్యాంకులు ఉన్నాయా? వాటిని తీసేస్తున్నారా, వాటి మీదుగానే పైపులు కలుపుతున్నారా?

కొత్తఇంజినీర్:
దాదాపు అన్ని ఇళ్లకూ ఉన్నాయండీ. వాటి మీదుగానే కలుపుతున్నాం. ఘనపదార్థం అక్కడే ఆగితే సన్నటి పైపులు సరిపోతాయి, ప్లాంటు మీద భారం కూడా తగ్గుతుందని. తప్పా?

ల్యాబ్‌బల్ల:
పైపుల వరకు మంచిదే. నైట్రోజన్ తీయాలంటే మాత్రం చిక్కు.

నైట్రోజన్ రెండు దశల్లో పోతుంది. ముందు గాలి ఉన్నచోట అమ్మోనియా నైట్రేట్‌గా మారాలి. తర్వాత గాలి లేనిచోట వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదలాలి. రెండో దశ బ్యాక్టీరియాకు ఆహారం కార్బన్, అంటే మురుగులోని బీఓడీయే. కిలో నైట్రోజన్‌కి కనీసం నాలుగు కిలోల బీఓడీ ఉండాలని మోటు లెక్క. మీ మురుగులో 450కి 100, అంటే నాలుగున్నర. బొటాబొటీగా సరిపోతుంది. కానీ సెప్టిక్ ట్యాంకు బీఓడీలో 30–50 శాతం తినేస్తుంది, నైట్రోజన్‌ని దాదాపు ముట్టుకోదు. ప్లాంటుకు వచ్చేసరికి బీఓడీ 270, నైట్రోజన్ 95 అయిందనుకోండి, నిష్పత్తి మూడు కూడా లేదు. అప్పుడు బయటినుంచి మెథనాల్ లేదా ఎసిటిక్ యాసిడ్ కొని పోయాలి. మెథనాల్ మండే ద్రవం, విషం కూడా. ఒక ఊరి ప్లాంటులో డ్రమ్ముల కొద్దీ నిల్వ పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వను.

ఇంకోటి. నైట్రేట్‌ని గాలి లేని ముందు ట్యాంకులోకి మళ్లీ తిప్పే పద్ధతిలో, వచ్చే నీటికి నాలుగు రెట్లు తిప్పినా మహా అయితే 80 శాతమే పోతుంది. బురదలోకి వెళ్లేది పోగా 80 మి.గ్రా. నైట్రేట్‌గా మారుతుందనుకుంటే 16 మిగులుతుంది. పదికి దిగాలంటే చివర ఇంకో ట్యాంకు కావాలి, మళ్లీ కార్బన్ కావాలి.

ఆల్కలినిటీ (ఆమ్లం చేరినా పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తి) కొలిపించారా?

కొత్తఇంజినీర్:
లోపలికి వచ్చే మురుగులో లీటరుకు 400 మి.గ్రా. దగ్గర వచ్చింది. అది ఎందుకు?

ల్యాబ్‌బల్ల:
ఒక మి.గ్రా. అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి 7.14 మి.గ్రా. ఆల్కలినిటీ ఖర్చవుతుంది. 80కి 571. మీ దగ్గర ఉన్నది 400. అంటే సగం దారిలోనే పీహెచ్ పడిపోయి, నైట్రిఫికేషన్, అంటే ఈ మార్పు, ఆగిపోతుంది. నైట్రేట్ వాయువుగా మారినప్పుడు ఒక్కో మి.గ్రా.కు 3.57 వెనక్కి వస్తుంది. 80లో మూడొంతులు (60) ఇలా వాయువుగా మార్చగలిగితే 214 తిరిగి వస్తుంది, చివరికి 40 చిల్లర మిగులుతుంది. కనీసం 70–100 మిగలాలి. దానికి తోడు ఫాస్ఫరస్ తీయడానికి ఫెర్రిక్ క్లోరైడ్ (ఐరన్ ఉప్పు) పోస్తే అదీ ఆల్కలినిటీని తింటుంది. సోడా లేదా సున్నం డోసింగ్ తప్పదు.

చూశారుగా, ఒక అంకె కోసం ఎన్ని డ్రమ్ములు చేరాయో.

గుంపులోఒకడు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో (మురుగు శుద్ధి కేంద్రం) తేరుకునే ట్యాంకు పైకి బురద ముద్దలు ముద్దలుగా తేలుతోంది. నురగ కాదు. ముద్దలకు చిన్న చిన్న బుడగలు అంటుకుని ఉన్నాయి. నిర్వహణ కంపెనీవాళ్లు బ్లోయర్ చిన్నదైందని, కొత్తది వేయాలని అంటున్నారు. మాకు ఇదే టెన్షన్.

బ్లోయర్‌చప్పుడు:
కొత్త బ్లోయర్ కొనే ముందు ఒక పని చేయండి అన్నా. ఏరేషన్ ట్యాంకు నీరు లీటరు కొలత జాడీలో పట్టి కదపకుండా పెట్టండి. అరగంటకు బురద చక్కగా కిందికి దిగి పైన తేట నీరు వచ్చి, గంటో రెండు గంటలో గడిచాక అదే బురద గడ్డకట్టి బుడగలతో పైకి లేస్తే, అది గాలి తక్కువై కాదు. నైట్రేట్ ఉన్న బురద ట్యాంకు అడుగున ఎక్కువసేపు ఆగిపోతోంది, అక్కడ నైట్రోజన్ వాయువు పుట్టి పైకి లేపుతోంది. రిటర్న్ స్లడ్జ్ పంపు (దిగిన బురదను మళ్లీ ఏరేషన్ ట్యాంకుకు పంపేది) వేగం పెంచి చూడండి. అలా కాక అరగంటకు కూడా బురద సగం జాడీకి పైనే నిలబడితే అది వేరే జబ్బు, పోగులాంటి బ్యాక్టీరియా పెరిగిందని.

వేదిక‌నిర్వాహకుడు:
అపార్ట్‌మెంట్ ప్రశ్నకు విడిగా చర్చ తెరవండి, ఇక్కడ గ్రామం విషయమే కొనసాగిద్దాం. (జాడీ పరీక్ష బాగుంది, ఆ పోస్టు తీసేయడం లేదు.)

జమ్ముగడ్డి:
ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న: స్థలం ఉందా? పల్లెల్లో దొరికేది అదే కదా. స్థలం ఉన్నచోట స్థలం ఆదా చేసే యంత్రం ఎందుకు?

ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్లకు రెల్లు పడకలు (రెల్లు నాటిన కంకర పొరల గుండా మురుగును వడపోసే పద్ధతి) వాడతారు. వేల సంఖ్యలో ఉన్నాయి, ఎక్కువ భాగం రెండు వేల జనాభా లోపు ఊళ్లవే. ఈ ఆలోచనకు మూలం 1950లలో జర్మనీలో కేటె జైడెల్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు. ఫ్రెంచివాళ్లు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నారు. విశేషం ఏంటంటే పచ్చి మురుగునే, జల్లెడ పట్టి, నేరుగా కంకర పడక మీదికి వదులుతారు. సెప్టిక్ ట్యాంకు లేదు. మొదటి దశలో మూడు పడకలు. ఒకదాని మీద మూడు నాలుగు రోజులు నీరు వదిలి, తర్వాత వారం రోజులు విశ్రాంతి ఇస్తారు. ఆ విశ్రాంతిలో పైన పేరుకున్న మడ్డి ఆరి, కుళ్లి, మట్టిలా మారుతుంది. ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది, పదేళ్లు దాటాక ఒకసారి ఎత్తిపోస్తే సరి. రెల్లు కాండాలు గాలికి ఊగుతూ ఆ మడ్డి పొర గట్టిపడి మూసుకుపోకుండా దారి చేస్తుంటాయి. మొక్క అసలు పని అదే, అందం కోసం నాటేది కాదు. మొత్తం రెండు దశలకూ కలిపి మనిషికి సుమారు రెండు చదరపు మీటర్లు. 1500 మందికి 3000 చదరపు మీటర్లు, ముప్పావు ఎకరం. నేల వాలు ఉంటే కరెంటు కూడా అక్కర్లేదు, సైఫన్‌తో నడుస్తుంది.

మెంబ్రేన్‌మనిషి:
బాగుంది. మొత్తం నైట్రోజన్ ఎంత వస్తుంది?

జమ్ముగడ్డి:
అమ్మోనియా బాగా పోతుంది. నైట్రేట్ ఉండిపోతుంది. ఫాస్ఫరస్ కూడా చాలావరకు ఉండిపోతుంది, కంకర మొదట్లో కొంత పీల్చుకున్నా తర్వాత నిండిపోతుంది. దాచేదేమీ లేదు. 10, 1 అనే షరతుకు ఇది ఒంటరిగా సరిపోదు.

మెంబ్రేన్‌మనిషి:
మరి చెరువు సంగతి?

ల్యాబ్‌బల్ల:
చెరువు దగ్గరికి వచ్చాం కాబట్టి చెబుతాను. రెండు అంకెల్లో చెరువుకు ముఖ్యమైంది ఫాస్ఫరస్. కెనడాలో ఒంటారియోలో ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సుల్లో 226 నంబరు సరస్సును 1973లో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీశారు. ఒక వైపు కార్బన్, నైట్రోజన్ కలిపారు. రెండో వైపు వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా. ఫాస్ఫరస్ కలిపిన వైపు పచ్చగా నాచు కమ్మేసింది, ఇంకో వైపు మామూలుగానే ఉంది. పైనుంచి తీసిన ఆ ఫోటో చూసినవాళ్లు మర్చిపోరు. నైట్రోజన్ తగ్గినా కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు గాల్లోంచి తెచ్చుకుంటాయి, ఫాస్ఫరస్‌కి ఆ వీలు లేదు. అన్ని చెరువులకూ ఇది ఒకేలా వర్తిస్తుందనను, నైట్రోజన్ కూడా తగ్గించాలనే శాస్త్రవేత్తలు ఉన్నారు, సముద్రపు అంచు నీళ్లలో నైట్రోజనే కీలకం. కానీ మంచినీటి చెరువుకు ముందు ఫాస్ఫరస్ చూడాలి.

చెరువు నీటిలో ఫాస్ఫరస్ లీటరుకు సుమారు 0.03 మి.గ్రా. దాటితే చాలు, నాచు విజృంభించే దశ మొదలవుతుంది. షరతు ప్రకారం మీరు వదిలేది 1 మి.గ్రా., అంటే ముప్పై రెట్లకు పైగా. చిన్న చెరువులో బయటి నీరు పెద్దగా కలవకపోతే ఆ ఒకటి కూడా ఎక్కువే. అంటే ఈ ఖర్చంతా పెట్టి, షరతు పాటించి, ల్యాబ్ రిపోర్టులన్నీ సరిగ్గా వచ్చి, చివరికి చెరువు మాత్రం పచ్చబడే అవకాశం ఉంది.

గట్టుమీదిరైతు:
అసలు చెరువులో ఎందుకు పోస్తున్నారు సార్? ఇందాకటినుంచి మీరంతా తీసి పారేయాలంటున్న నైట్రోజన్, ఫాస్ఫరస్‌లనే మేం బస్తాల్లో కొని పొలంలో చల్లుతున్నాం. రోజుకు 150 ఘనపు మీటర్ల ఎరువు నీళ్లు. పొలానికి ఇవ్వండి.

ల్యాబ్‌బల్ల:
సరిగ్గా అడిగారు. లెక్కేస్తే 1500 మంది నుంచి రోజుకు 15 కిలోల నైట్రోజన్, రెండు కిలోల పైన ఫాస్ఫరస్.

కానీ పొలానికైతే ప్రమాదం వేరు: నులిపురుగుల గుడ్లు, విరేచనాల సూక్ష్మజీవులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989 మార్గదర్శకాల్లో పచ్చిగా తినే పంటలకు లీటరుకు ఒక గుడ్డుకు మించకూడదని, 100 మి.లీ.లో మలసంబంధ కోలిఫామ్ బ్యాక్టీరియా వెయ్యి దాటకూడదని పెట్టారు. 2006లో పద్ధతి మార్చి, శుద్ధి, పంట రకం, నీరు పెట్టే తీరు, కోతకు ముందు విరామం, కడగడం అన్నీ కలిపి ప్రమాదం ఎంత తగ్గిందో చూడమన్నారు. చిన్న ఊళ్లకు ఈ రెండోదే ఉపయోగం. చెట్ల పంటలకు, పశుగ్రాసానికి వేళ్ల దగ్గర నీరు పెడితే కావలసిన శుద్ధి తక్కువ. గుడ్లు బరువుగా ఉంటాయి, చెరువుల్లాంటి గుంటల్లో వారం పది రోజులు నీరు నిలిస్తే అడుగుకు దిగిపోతాయి.

మెంబ్రేన్‌మనిషి:
వర్షాకాలంలో? పొలానికి నీళ్లు వద్దన్న రోజుల్లో ఈ 150 ఘనపు మీటర్లు ఎక్కడికి? నిల్వ గుంట లేకపోతే మళ్లీ చెరువులోకే. భూగర్భ జలాల్లో నైట్రేట్ చేరే ప్రమాదం కూడా ఉంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 50 మి.గ్రా. నైట్రేట్. దగ్గర్లో బావులుంటే ఆలోచించాలి. పొలం పేరు చెప్పి శుద్ధి ఎగ్గొట్టడం కూడా చూశాను.

గట్టుమీదిరైతు:
అది నిజమే. పంట లేని నెలల్లో మాకూ అక్కర్లేదు. అన్ని నెలలకూ మాట ఇచ్చేవాణ్ణి నమ్మకండి, మా రైతులనైనా సరే.

బ్లోయర్‌చప్పుడు:
అందరూ నీళ్ల గురించే మాట్లాడుతున్నారు. బురద ఎవరు తీస్తారు?

మీ లెక్క ప్రకారమే బీఓడీ రోజుకు 67 కిలోలు. అందులో సగం బరువు బురదగా తయారవుతుంది, ఎండు లెక్కన 30–35 కిలోలు. ట్యాంకులోంచి తీసేటప్పుడు అది ఒక శాతం చిక్కదనంతో ఉంటుంది, అంటే రోజుకు మూడు ఘనపు మీటర్ల పైన. ఫెర్రిక్ పోస్తే ఇంకా పెరుగుతుంది. టెండర్ కాగితాల్లో దీనికి ఒక్క వాక్యం ఉంటుంది: "బురదను తగిన విధంగా పారవేయవలెను". ఎక్కడ పారవేయాలో రాయరు. నేను చేసిన ఒక ప్లాంటులో బురద తీసే చోటు లేక తీయడమే మానేశారు. ట్యాంకు నిండి, వాన పడిన రాత్రి అంతా కాలవలోకి పోయింది. ఎండబెట్టే పడకలు లేకుండా ఏ ప్లాంటూ తీసుకోవద్దు సర్. వాన కాలానికి పైన రేకు కూడా వేయించండి.

జమ్ముగడ్డి:
దీనికి రెల్లు పడకలు రెండు విధాలా పనికొస్తాయి. యాంత్రిక ప్లాంటు పెట్టినా బురదను రెల్లు నాటిన పడకల మీద పోస్తే ఏళ్ల తరబడి అక్కడే ఆరి తగ్గిపోతుంది.

కొత్తఇంజినీర్:
అందరికీ ధన్యవాదాలు. నిజం చెప్పాలంటే ఎంబీఆరా, ఎస్‌బీఆరా (అన్ని దశలనూ ఒకే ట్యాంకులో విడతలుగా నడిపే పద్ధతి) అని తేలుతుందనుకుని వచ్చాను, ప్రశ్నే మారిపోయింది. స్థలం ఎకరం పైన ఉంది. నేల వాలు కూడా కొంత ఉంది. రెల్లు పడకల తర్వాత నిల్వ గుంట పెట్టి పొలాలకు ఇవ్వడం, పొలానికి అక్కర్లేని నెలల్లో మాత్రం ఫెర్రిక్ కలిపి ఫాస్ఫరస్ తగ్గించి చెరువులోకి వదలడం అనే ప్రత్యామ్నాయం తయారు చేస్తాను. నైట్రోజన్ 10 అనే అంకె చెరువును చూసి పెట్టారా, పెద్ద పట్టణాల నిబంధనల నుంచి యథాతథంగా తెచ్చారా అని రాతపూర్వకంగా అడుగుతాను. సెప్టిక్ ట్యాంకుల సంగతి మాత్రం ఇంకా అర్థం కాలేదు. పడకల ముందు ఉంటే నష్టమా?

జమ్ముగడ్డి:
పడకలు మూసుకుపోయే ఇబ్బంది తగ్గుతుంది, కానీ నీరు కుళ్లి వాసనగా వస్తుంది, పడకలు ఊరికి దగ్గరైతే ఫిర్యాదులు వస్తాయి. పైగా ఇళ్ల ట్యాంకుల్లో మడ్డి ఎవరో ఒకరు తీయాలి, అదొక నిరంతర పని. మీరు సన్నటి పైపులు ఇప్పటికే వేసేశారా?

కొత్తఇంజినీర్:
లేదు, డ్రాయింగ్ దశలోనే ఉంది.

జమ్ముగడ్డి:
అయితే వాలు చాలిన వీధుల్లో పెద్ద పైపు వేసి ట్యాంకులు తీసేయండి. చాలని వీధుల్లో ఉంచండి. కలిపి వచ్చినా పడకలకు ఇబ్బంది లేదు.

ల్యాబ్‌బల్ల:
డిజైన్ ముగించే ముందు మురుగు నమూనాలు మళ్లీ తీయించండి. పొద్దున్న ఒక్క సీసా పట్టి పంపితే ఆ అంకెకు విలువ లేదు. చిన్న ఊళ్లో ఉదయం రద్దీ సమయానికి, అర్ధరాత్రికి ప్రవాహం నాలుగైదు రెట్లు తేడా ఉంటుంది. 24 గంటలూ గంటగంటకూ తీసి, ప్రవాహాన్ని బట్టి కలిపిన నమూనా కావాలి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి.

బ్లోయర్‌చప్పుడు:
ఆ రాత్రి నమూనాలు తీసేవాడికి టార్చ్, గ్లౌజులు ఇప్పించండి సర్. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవర్నీ దించొద్దు, గ్యాస్ ఉంటుంది. పొడవాటి కర్రకు డబ్బా కట్టి పైనుంచే తీయొచ్చు.